నువ్వు దేన్నీ నమ్మవేటి?

"ఏటి బావూ, నువ్వు దేన్నీ నమ్మవేటి?" చిన్నప్పటి నుంచీ నేను వింటున్న మాట ఇది. వీధిలో పెద్దవాళ్ళు అంటారు, ఆఫీసులో అంటారు, పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న దూరపు చుట్టాలు కూడా ఎవరో చెప్పగా విని అంటారు. కోపంగా అనరు, జాలిగా అంటారు. ముహూర్తం చూడడు, దిష్టి తీయించుకోడు, వాస్తు అడగడు, వీడి బతుకులో రుచి ఏముంటుంది పాపం అన్నట్టుంటుంది ఆ చూపు. ఆ జాలికి ఒకసారి వివరంగా జవాబు చెప్పాలని చాలా రోజులుగా ఉంది, ఇవాళ కూర్చున్నాను.

నాకు సంగీతం ప్రాణం. రాత్రి ఏదో ఒకటి చదవందే నిద్ర పట్టదు. ఇంట్లో ఒక నల్ల పిల్లి ఉంది, గేటు బయట ఒక కుక్క ఉంది. విజయనగరంలో పుట్టి పెరిగినవాణ్ణి, పైడితల్లమ్మ సిరిమాను పండగ నాడు కోట దగ్గర జనంలో తోసుకుంటూ నిలబడి, అంత పొడుగు చింతమాను చివర కూర్చున్న పూజారి తల మీదుగా వెళ్తుంటే అందరితో పాటు నేనూ అరటిపండు విసురుతాను. నేను చేసేదల్లా ఎవరైనా ఒక మాట చెప్తే "అది ఎలా తెలిసింది?" అని అడగడం. అలా అడిగినందుకు నాకు ఇష్టమైనవి ఒక్కటీ దూరం కాలేదు, ఇంకా దగ్గరయ్యాయి. ఎలాగో చెప్తాను.

ముందు అరసవల్లి. శ్రీకాకుళం పక్కనే ఉన్న ఈ సూర్యనారాయణమూర్తి గుడిలో ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లో ఒకసారి, అక్టోబరు 1, 2, 3 తేదీల్లో ఇంకోసారి పొద్దుటి ఎండ నేరుగా గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాల మీద పడుతుందని అందరికీ తెలుసు. మబ్బు పడితే ఆ సారికి లేనట్టే, అక్టోబరులో అయితే ఆ భయం మరీ ఎక్కువ. మా అమ్మకి అది చూడాలని కోరిక, నాకూ చూడాలని కోరిక, ఎవరి కారణం వాళ్ళది. చీకటితోనే వెళ్ళి లైన్లో నిలబడ్డాం. బయట సూర్యుడు పైకొచ్చాక గుమ్మంలోంచి, మండపం మధ్యలోంచి ఒక పచ్చటి వెలుగు పట్టీ లోపలికి సాగింది, అప్పటిదాకా దీపాల వెలుతురులో సరిగ్గా కనబడని నల్లరాయి ఒక్కసారి తడిసినట్టు మెరిసింది. నా ముందు నిలబడ్డ ముసలాయన భుజాలు వణకడం చూశాను. నాకూ ఒళ్ళు జలదరించింది, అందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయించడు కదా, డిసెంబరు 21 ప్రాంతానికి దక్షిణం వైపు చివరిదాకా జరిగి అక్కణ్ణించి మళ్ళీ ఉత్తరానికి మళ్ళుతాడు. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21 దాకా 80 రోజులు. డిసెంబరు 21 నుంచి మార్చి 10 దాకా 79 రోజులు. అంటే పోయేటప్పుడు ఏ చోట ఉదయించాడో, వచ్చేటప్పుడు దాదాపు అన్ని రోజులకే అదే చోట ఉదయిస్తున్నాడు, సరైన తూర్పుకి సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా. ఏడాదికి రెండుసార్లు ఎందుకో తేలిపోయింది. మరి రెండు మూడు రోజులే ఎందుకు? ఆ రోజుల్లో సూర్యుడు ఉదయించే చోటు రోజుకి సుమారు 0.4 డిగ్రీ జరుగుతుంది, సూర్యబింబం వెడల్పు చూస్తే సుమారు అర డిగ్రీ. రోజుకి దాదాపు తన వెడల్పంత పక్కకి జరిగిపోతుంటే ఇరుకు గుమ్మాల వరసలోంచి తొంగిచూడటానికి రెండు మూడు రోజులే దొరుకుతాయి.

అమ్మకి చెప్తే శ్రద్ధగా వింది. "అయితే దేముడి మహిమ కాదంటావా?" అంది. గుడి కట్టినవాళ్ళకి సూర్యుడి నడక అంత బాగా తెలుసమ్మా, పరికరాలు లేని కాలంలో కంటితో చూసి, గుర్తు పెట్టుకుని, రాతిలో కట్టారు అన్నాను. "మరి వాళ్ళకి అంత బుర్ర ఎవడిచ్చాడు?" అంది. ఇద్దరం ప్రసాదం పంచుకు తిన్నాం. మా అమ్మతో నాకు పేచీ లేదు. నాకు కోపం వచ్చేది వాట్సాప్‌లో తిరిగే రకం మాటల మీద: "నాసా వాళ్ళే నోరెళ్ళబెట్టారు, సైన్సుకి అంతుచిక్కని రహస్యం" అని. అంతుచిక్కకపోవడం ఏమిటి, తూర్పు కిటికీలోంచి వచ్చే ఎండ గోడ మీద ఎక్కడ పడుతోందో ఏడాదిపాటు సుద్దముక్కతో గీతలు గీస్తే హైస్కూలు పిల్లలకి కూడా అంతుచిక్కుతుంది. ఏడో శతాబ్దంలో దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే గుడి అది. ఆనాటి స్థపతులు చేసిన పనిని రహస్యం అనేసి వాళ్ళ తెలివిని వాళ్ళకి దక్కకుండా చేయడం నాకు నచ్చదు.

ఇక సంగీతం. మా ఊళ్ళో 1919లో సంగీత కళాశాల పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల చదువుకున్నది అక్కడే. ఈ పేర్లు మా ఊరి వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది బొబ్బిలి వీణ గురించి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు, బుర్ర, దండి అతుకు లేకుండా ఒకే చెక్కలోంచి వస్తాయి. అన్నిటికంటే ఎక్కువసేపు నేను చూస్తూ నిలబడిపోయింది స్వరాల మెట్లు నిలబెట్టే పని దగ్గర. దండి మీద రెండు వైపులా నల్లటి మైనం గట్లు పోసి, అది మెత్తగా ఉండగానే లోహపు మెట్లు ఒక్కొక్కటీ అందులో గుచ్చుతారు, మొత్తం 24. స్కేలు లేదు, మిషన్ లేదు. వీణ చేసే ఆయన తీగ మీటుతాడు, తల ఒక పక్కకి వంచి వింటాడు, బొటనవేలితో మెట్టుని వెంట్రుకవాసి ముందుకు తోస్తాడు, మళ్ళీ మీటుతాడు. నాకు సరిపోయినట్టే వినిపించిన స్వరం ఆయనకి సరిపోలేదు, ఇంకోసారి జరిపాడు, అప్పుడు తెలిసింది నాకు తేడా. చెవితో జరిగే పరీక్ష అది, పాసైందో లేదో మళ్ళీ మీటి చూసుకునే పరీక్ష. ఎంతసేపైనా చూడొచ్చు.

ఆ వీణ గురించే సి.వి. రామన్ రాశాడని చాలామందికి తెలియదు. రామన్ అనగానే నోబెల్, 1930, కాంతి అని చెప్పేస్తాం. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖపట్నంలోనే, ఆయన తండ్రి అక్కడ ఎ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. కాంతి మీదికి పూర్తిగా వెళ్ళకముందు రామన్ చాలా ఏళ్ళు తీగల మీద, తోలు వాయిద్యాల మీద పని చేశాడు. 1921లో వీణ, తంబురాల మీద ఒక పేపరు ప్రచురించాడు. సంగతి ఏమిటంటే, తీగ మొత్తంగా ఊగుతూనే రెండు ముక్కలుగా, మూడు ముక్కలుగా, నాలుగు ముక్కలుగా కూడా ఊగుతుంది, నాదం నిండుగా వినబడేది ఆ పైస్వరాలన్నీ కలవడం వల్ల. తీగని సరిగ్గా మధ్యలో మీటితే, రెండు ముక్కలుగా ఊగాలంటే కదలకూడని చోటు అదే కాబట్టి, ఆ పైస్వరం పుట్టకూడదు. అప్పటికి అందరూ ఒప్పుకున్న సూత్రం ఇది, థామస్ యంగ్ అనే శాస్త్రవేత్త పేరు మీద ఉంది. తంబురా మీద, వీణ మీద చూస్తే పుట్టకూడని పైస్వరాలు గట్టిగా వినిపిస్తున్నాయి!

కారణం గుర్రంలో, అంటే తీగల కింద ఆనుగా ఉండే చిన్న దిమ్మలో ఉంది. వయొలిన్‌లో తీగ ఆనుకునే అంచు సన్నగా ఉంటుంది. వీణలో గుర్రం మీద కొద్దిగా వంపు తిరిగిన వెడల్పాటి లోహపు పలక ఉంటుంది, తీగ ఊగినప్పుడల్లా ఆ వంపుని తాకుతూ, విడుస్తూ ఉంటుంది. తంబురాలో అయితే తీగకీ గుర్రానికీ మధ్య చిన్న దారం ముక్క పెట్టి అటూ ఇటూ జరుపుతారు చూడండి, సరైన చోటికి రాగానే అప్పటిదాకా మూగగా ఉన్న తీగ ఒక్కసారి గుమ్మని పలుకుతుంది. ఆ దారం చేసే పని కూడా ఇదే. మృదంగం మధ్యలో నల్లగా పొరలు పొరలుగా రుద్దే మందు సంగతీ రామన్ పట్టుకున్నాడు, మామూలు డోలు చప్పుడు శ్రుతికి కలవదు, ఆ నల్ల మచ్చ బరువు వల్లే మృదంగానికి పైస్వరాలు శ్రుతిలో కుదురుతాయని 1920లో రాశాడు. సైన్సు తెలిస్తే సంగీతంలో రసం పోతుందనేవాళ్ళు ఇది తెలుసుకున్నాక ఒకసారి తంబురా పక్కన కూర్చోండి. నాకైతే ఆ రోజు నుంచి కచేరీ మొదలవకముందు శ్రుతి చేసుకునే ఐదు నిమిషాలు కూడా కచేరీలో భాగమే.

అందుకే సంగీతం పేరు చెప్పి ఎవరైనా ఏదో ఒకటి అనేస్తే ఊరుకోలేను. ఈమధ్య 432 హెర్ట్జ్ అని ఒకటి పట్టుకున్నారు, అది ప్రకృతి శ్రుతి అట, ఇప్పుడు వాయిద్యాలు శ్రుతి చేసే 440 పెట్టి మన మెదళ్ళు పాడు చేస్తున్నారట, ఆ శ్రుతిలో వింటే రోగాలు పోతాయట. మన సంగీతం నేర్చుకున్నవాళ్ళు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే బాధేస్తుంది. మన పాటకి షడ్జం ఎక్కడ పెట్టుకోవాలో పాడేవాళ్ళ గొంతు చెప్తుంది, ఒకరు ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఇంకొకరు ఐదున్నరలో పాడతారు, రాగం రాగమే. ఇంకో సంగతి, హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలు అని. ఆ సెకను మనుషులు పెట్టుకున్న కొలత. రోజుని 24 గంటలు కాకుండా మన పాత లెక్కలో 60 ఘడియలుగా, ఘడియని 60 విఘడియలుగా కోసుకుంటూ పోతే అదే శ్రుతికి ఇంకో అంకె వస్తుంది. విశ్వానికి మన గడియారం ముల్లుతో ఏం పని?

అమృతవర్షిణి పాడితే వాన పడుతుందన్న కథ వేరు. దీక్షితార్ ఎట్టయపురంలో పాడితే కురిసిందని చెప్తారు. ఆ రాగంలో రిషభం లేదు, ధైవతం లేదు, ఐదు స్వరాలే, అందులో ప్రతిమధ్యమం అనే స్వరం మీద గాయకుడు నిలబడినప్పుడు నాకు నిజంగానే ఉక్కపోత తగ్గినట్టుంటుంది. వాన మాత్రం బంగాళాఖాతంలో వాయుగుండం పడితే వస్తుంది. ఈ కథ వల్ల ఎవరికీ నష్టం లేదు, పిల్లలకి చెప్పండి, బాగుంటుంది. ఫలానా రాగం రోజూ వింటే షుగరు తగ్గిపోతుంది, మాత్రలు ఆపేయొచ్చు అని చెప్పేది కథ కాదు. అక్కడ మాత్రం ఎంత పెద్దవాళ్ళైనా సరే అడగాలి: ఎంతమందికి తగ్గింది, మాత్రలు వేసుకుంటూనే విన్నారా, వినని వాళ్ళతో పోల్చి చూశారా? మొజార్ట్ వింటే పిల్లలకి తెలివి పెరుగుతుందన్న ప్రచారం కూడా ఇంతే, 1993లో చేసిన ఆ ప్రయోగం కాలేజీ విద్యార్థుల మీద, కనబడ్డ ప్రభావం పావుగంట. పసిపిల్లల ఊసే లేదందులో.

పుస్తకాలకొస్తే నాకు మొదటి మేష్టార్లు సోవియట్ సైన్సు పుస్తకాలు. విశాలాంధ్ర వాళ్ళ వ్యాన్ ఊళ్ళోకొచ్చిందంటే దాచుకున్న డబ్బులన్నీ అక్కడే. నిగనిగలాడే అట్ట, చవక ధర, లోపల పెరెల్మాన్ అడిగే ప్రశ్నలు. తర్వాత మహీధర నళినీమోహన్ గారు దొరికారు, సైన్సుని ఎక్కడా బరువెక్కించకుండా ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాయొచ్చని ఆయన్ని చదివే తెలుసుకున్నాను.

కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన సైన్సు రచన ఒక పద్యం, రాసినాయన ఇల్లు మా ఊళ్ళోనే ఉంది. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది. ఆ మే నెలలో భూమి దాని తోకలోంచి వెళ్తుందని, తోకలో విషవాయువు ఉందని యూరప్‌లో, అమెరికాలో పెద్ద పెద్ద పట్నాలవాళ్ళు కిటికీ సందులు మూసుకున్నారు, తోకచుక్క మాత్రలని అమ్మితే కొనుక్కున్నారు. మన దగ్గరా తోకచుక్క అంటే రాజ్యాలకి అరిష్టం, కాటకం. సరిగ్గా ఆ ఏడే విజయనగరంలో కూర్చుని గురజాడ "ముత్యాల సరాలు" రాశాడు. అందులో భార్య తోకచుక్కని చూసి కీడనుకుంటుంది, భర్త కాదంటాడు, భూమికి ఇది దూరపు చుట్టం, దారినపోతూ చూసిపోదామని వచ్చింది అంటాడు. 76 ఏళ్ళకోసారి సూర్యుడి చుట్టూ తిరిగొచ్చే వస్తువుని చుట్టం అనడంలో లెక్కా తప్పలేదు, ప్రేమా తప్పలేదు. లోకమంతా భయపడుతున్నప్పుడు ఇంట్లో మనిషిని వెక్కిరించకుండా, పక్కన కూర్చోబెట్టుకుని ఆకాశం చూపించి భయం పోగొట్టడం, నేను చేయాలనుకునే పని సరిగ్గా ఇదే. ఆ చుట్టం మళ్ళీ 1986లో వచ్చి వెళ్ళింది. 2023 డిసెంబరులో తన దారిలో అన్నిటికంటే దూరపు కొస దాటి మళ్ళీ ఇటు తిరిగింది. 2061లో వస్తుంది. మా అన్నయ్య కూతురికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు, దాని చేత ఆ పద్యం చదివిస్తున్నాను, అప్పటికి దానికి గుర్తుండాలి.

శ్రీకాకుళం వెళ్తే నేను తప్పకుండా వెళ్ళే చోటు కథానిలయం. కారా మాస్టారు, కాళీపట్నం రామారావు గారు, 1997లో పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ, వీలైతే అది మొదట అచ్చయిన పత్రికతో సహా ఒకచోట చేర్చాలన్నది ఆయన పట్టుదల. పుస్తకంగా వచ్చాక ఎలాగూ దొరుకుతుంది కదా, పాత పత్రికలెందుకు అంటారు కొందరు. నాకు ఆ పట్టుదల ఎంత గొప్పదో చెప్పలేను. ఒక కథ ఫలానా ఏట వచ్చింది, ఫలానా మాట అందులో ఉంది అని ఎవరైనా అంటే, వెళ్ళి ఆ సంచిక తీసి చూసుకోవచ్చు. గురజాడ అనని మాటలు గురజాడ ఫొటో కింద రాసి తిప్పుతున్న కాలంలో, వెళ్ళి చూసుకునే చోటు ఒకటి ఉండటమే ఎంతో ధైర్యం. ఒక బడిపంతులు తన జీతం మనిషి బతుకులోంచి అంత పని చేసి 2021లో వెళ్ళిపోయారు. మా జిల్లాల వాళ్ళం ఇంకా ఎక్కువగా వెళ్ళాలి అక్కడికి.

మా పిల్లి పేరు మసి. పూర్తి నలుపు. పక్కింటి పిన్ని మొదట్లో మా గేటు ముందు నుంచి నడిచేది కాదు. పిల్లి ఎదురైతే పని చెడుతుందన్న మాటకి నేను చెప్పేది ఒకటే, పిల్లి ఉన్న ఇంట్లో పిల్లి ఎదురురాని రోజు ఉండదు. చెప్పులు తీస్తే చాలు కాళ్ళ మధ్యకి వస్తుంది. ఉద్యోగానికి వెళ్ళిన రోజూ ఎదురొచ్చింది, పరీక్ష పాసైన రోజూ ఎదురొచ్చింది, బస్సు తప్పిన రోజూ ఎదురొచ్చింది. బస్సు తప్పిన రోజే గుర్తుంచుకుని మిగతావి వదిలేస్తే ఆ పాపం పిల్లి నెత్తిన పడుతుంది. చూడాల్సినవాటిని చూడకుండా శకునాలు చూడటం మీద నాకు దిగులు. పొద్దుటి ఎండలో పిట్టగోడ మీద మసి పడుకున్నప్పుడు దగ్గరగా వెళ్ళి చూడండి, ఆ నలుపు లోపల సన్నగా చారలు కనబడతాయి. ప్రతి పిల్లిలోనూ పులిచారల జన్యువు ఉంటుంది, నల్ల పిల్లిలో నలుపు దాన్ని కప్పేస్తుంది, ఎండ ఏటవాలుగా పడితే దాగిన చారలు బయటపడతాయి. ఇది చూపించాక పిన్ని రోజూ పొద్దున్న గోడ దగ్గరికి వచ్చి "ఏటే నల్లమ్మా" అని పలకరిస్తోంది.

పిల్లి పెంచేవాళ్ళకి రెండు మాటలు. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి, ప్రేమగా గిన్నె నింపకండి. జ్వరమనిపిస్తే మన పారాసిటమాల్ ముక్క అస్సలు వేయకండి, దాని శరీరం ఆ మందుని విరగ్గొట్టలేదు, సగం బిళ్ళతో కూడా ప్రాణం పోవచ్చు. గురగురమంటోంది కదా హాయిగా ఉందనుకోకండి, నొప్పిలో ఉన్నప్పుడు కూడా పిల్లులు అలా అంటాయి. అరసవల్లి నుంచి అంత దూరం లేని శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్ళని చూసి ఇంట్లో పెంచుకుంటే డబ్బొస్తుందట కదా అని అడిగేవాళ్ళకి కూడా, అది నేరం, ఆ నమ్మకం వల్లే వాటిని సంచుల్లో కుక్కి దేశాలు దాటిస్తున్నారు.

కుక్క పేరు రాజు. వీధి కుక్కే, మా గేటు దగ్గర ఉంటుంది. చెప్పు కొరికి, నేను రాగానే తల దించుకుని, తోక ముడుచుకుని కూర్చుంటే తప్పు తెలుసుకుంది అనిపిస్తుంది. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ దీన్నే పరీక్షించింది. తినొద్దన్నది కుక్క తినకపోయినా, తిన్నదని యజమానికి చెప్పి తిట్టించింది. తప్పు చేయని కుక్కలూ అదే ముఖం పెట్టాయి. అంటే అది తప్పు ఒప్పుకునే ముఖం కాదు, మన గొంతు, మన కోపం చూసి పెట్టే ముఖం. ఇది చదివాక నేను రాజుని తిట్టడం మానేశాను. జంతువులు మనల్ని ఎంత జాగ్రత్తగా చూస్తాయో చెప్పాలంటే బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కథ ఉంది. కూడికలు అడిగితే కాలి గిట్టతో కొట్టి జవాబు చెప్పేది, యజమాని కూడా మోసగాడు కాడు, నిజంగానే గుర్రానికి లెక్కలు వచ్చనుకున్నాడు. 1907లో ఓస్కార్ ఫుంగ్స్ట్ పరీక్ష పెట్టాడు, అడిగేవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ రాలేదు. సరైన అంకె రాగానే అడిగేవాడి తల వాడికే తెలియనంత కొంచెం కదిలేది, గుర్రం దాన్ని చూసి ఆగేది. సంక్రాంతికి మన గుమ్మంలోకొచ్చే గంగిరెద్దు తల ఊపేదీ ఆడించేవాడి సైగకే, దాన్ని ఎవరూ దాచరు, చూసి ఆనందిస్తాం, పాత బట్ట ఇస్తాం. ఆ ఎద్దుకీ ఆ మనిషికీ మధ్య ఎన్నేళ్ళ చూపులు ఉండుంటాయో ఆలోచిస్తే నాకు జోస్యం కంటే అదే గొప్పగా కనిపిస్తుంది.

ఈ కుక్కల దగ్గరే నా ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైపోయింది. ఆమధ్య పక్క వీధిలో ఒక కుర్రాణ్ణి కుక్క పిక్క మీద కరిచింది. వాళ్ళ నాయనమ్మ కారం, సున్నం కలిపి అద్దబోతోంది, ఇంకొకాయన ఫలానా ఊళ్ళో పసరు మందు వేస్తారు, ఇంతమందికి తగ్గించాడు, పద అని బండి తీశాడు. కరిచే కుక్కల్లో చాలావాటికి రేబిస్ ఉండదు. అందుకే పసరు తాగినవాళ్ళలో చాలామంది బతుకుతారు, తాగకపోయినా బతికేవాళ్ళే వాళ్ళు, పేరు పసరుకి వస్తుంది. నిజంగా జబ్బున్న కుక్క కరిచిన ఒక్కడి విషయంలో అది పనిచేయదు, ఒకసారి లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు, ఆ మొదలవడం కూడా నెలల తర్వాత కావచ్చు కాబట్టి పసరు తాగిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

కుర్రాణ్ణి కొళాయి దగ్గర కూర్చోబెట్టి సబ్బుతో పావుగంట కడిగించాను. పావుగంట అంటే చాలాసేపు, ఐదు నిమిషాలకే అందరూ చాలు చాలంటారు, ఆగకూడదు. రేబిస్ వైరస్ పై పొర కొవ్వుతో తయారైంది, సబ్బు దాన్ని కరిగిస్తుంది, అంత చవక మందు అంత పెద్ద జబ్బు మీద పనిచేస్తుంది. తర్వాత ఆసుపత్రికి. నాయనమ్మ ఏడుపు ఆపలేదు, ఆమె భయం పసరు గురించి కాదు, "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారు, గుంటడు తట్టుకోలేడు బావూ" అని. ఆ పాత టీకాని 2005 నాటికే మన దేశంలో మానేశారు అమ్మా, ఇప్పుడు చేతికే, నాలుగైదు డోసులు, అది కూడా సర్కారు ఆసుపత్రిలో ఉచితం అని చెప్తే నమ్మలేదు. మొదటి ఇంజెక్షన్ అయ్యాక కుర్రాడు "అంతేనా?" అన్నప్పుడు నమ్మింది. రక్తం వచ్చేలా కరిచింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌తో వెంటనే పోరాడే తయారు ప్రతిరక్షకాలు కూడా వేశారు, అది మర్చిపోకుండా అడగాలి. 1885 జులైలో పాశ్చర్ మొదటిసారి ఈ టీకా వేసింది కూడా తొమ్మిదేళ్ళ పిల్లాడికే, జోసెఫ్ మైస్టర్ అని, ఆ పిల్లాడు బతికాడు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని కుర్రాడికి ఆ కథ చెప్పాను, మిగతా డోసులకి గొడవ చేయకుండా తనే గుర్తు పెట్టుకుని వచ్చాడు.

ఒక ప్రాంతంలో కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వాటి మధ్య రేబిస్ వ్యాపించడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రాజుకి ఏటా వేయిస్తున్నాను. మా వీధిలో మిగతా కుక్కలకి కూడా సంక్రాంతిలోపు వేయించాలని ఇంటింటికీ వెళ్ళి చందా అడుగుతున్నాను. మొదటి వంద రూపాయలు ఆ నాయనమ్మ ఇచ్చింది. వచ్చే ఆదివారం పశువుల డాక్టరు గారు వస్తానన్నారు, కుక్కల్ని పట్టుకోడానికి నలుగురు మనుషులు కావాలి.